వెతకడం ఆపితే గూడు దొరుకుతుంది

టండ్రా మీద దాక్కోవడానికి చోటు లేదు. చెట్టు ఉండదు, నిలువెత్తు పొద ఉండదు. అలాస్కా ఉత్తర కొసన ఉన్న ఉట్‌కియాగ్విక్ ఊరి బయట జూన్ రెండో వారంలో నిలబడి చూడండి. చీలమండ ఎత్తు దాటని తుంగ, తడి నాచు, అక్కడక్కడా ఇంకా కరగని మంచు చారలు. కంటికి ఆనినంత దూరం అంతే. ఆ నేల మీదే వందల పక్షులు గుడ్లు పెట్టి పొదుగుతుంటాయి. గూడు మాత్రం ఒక్కటీ కంటపడదు.

కొత్తగా వెళ్లినవాళ్లు మొదట చేసేది వెతకడం. తల దించుకుని, తుంగ దుబ్బుల మధ్య ఒక్కో అడుగూ వేస్తూ గాలిస్తారు. గంట తిరిగినా ఏమీ దొరకదు. తిరిగినంతసేపూ చుట్టుపక్కల పిట్టలన్నీ గూళ్లు వదిలేసి బయటే ఉంటాయి, ఆ చలిగాలికి గుడ్లు చల్లబడిపోతుంటాయి. గూడెక్కడుందో పక్షికి తెలుసు. దాని దారికి అడ్డం తొలగితే అదే తీసుకెళ్లి చూపిస్తుంది. ఈ అధ్యాయంలో నేను చెప్పదలచుకున్నదంతా ఇదే. ఓపిక పట్టమని అందరూ అంటారు గానీ, ఎంత దూరంలో, ఎలా కూర్చుని, ఎంతసేపు పట్టాలో ఎవరూ చెప్పరు. అది సాధనతో వచ్చే పని. రోజుకో గంట చొప్పున నేర్చుకుంటే ఎవరికైనా వస్తుంది.

కూర్చోవడం ఒక విద్య

ఉట్‌కియాగ్విక్ చుట్టుపక్కల బాగా కనిపించే పిట్టల్లో సెమీపాల్మేటెడ్ సాండ్‌పైపర్ ఒకటి. మన ఉల్లంకి పిట్టల కుటుంబమే. బరువు సుమారు పాతిక గ్రాములు. మీరు నడుస్తుంటే అది పది అడుగుల ముందు హఠాత్తుగా లేచి, ఒక రెక్క నేలకు ఈడుస్తూ, కుంటుతూ పక్కకు పరుగెడుతుంది. దెబ్బ తగిలిందేమోనని మనసు దాని వెంట పోతుంది. వెళ్లకండి. నక్కను గూటి నుంచి దూరంగా లాక్కెళ్లడానికి అది ఆడే నాటకం అది. ఊదారంగు సాండ్‌పైపర్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. మెడ ఈకలు ఉబ్బించి, రెక్కలు కిందికి వేలాడేసి, కీచుమంటూ చిట్టెలుకలా పరుగు తీస్తుంది. నక్కకు ఏది కనిపిస్తే నోరూరుతుందో పిట్టకు తెలుసు.

మీరు చెయ్యాల్సిందల్లా పిట్ట లేచిన చోటును కళ్లతో పట్టుకోవడం. అక్కడున్న తెల్లటి లైకెన్ మచ్చో, ఎండిన విల్లో కొమ్మో ఏదో ఒక గుర్తు పెట్టుకోండి. పిట్ట ఎటు పోయిందో చూడనక్కర్లేదు. తర్వాత వెనక్కి తిరిగి కనీసం నలభై యాభై మీటర్లు వచ్చెయ్యండి. గాలికి వీపు పెట్టి కూర్చోండి. నేల మరీ తడిగా లేకపోతే పడుకున్నా మంచిదే, ఆకాశం అంచు మీద మీ ఆకారం ఎంత తక్కువ కనిపిస్తే పిట్ట అంత త్వరగా స్థిమితపడుతుంది. బైనాక్యులర్‌ని మోకాళ్ల మీద ఆనించి ముందే గురిపెట్టి ఉంచుకోండి. పిట్ట దగ్గరికి వచ్చాక చెయ్యి లేపితే అంతా మొదటికొస్తుంది.

ముందు అది దూరంగా వాలుతుంది. ఆకలేసినట్టు నేలను పొడుస్తుంది గానీ నోట్లోకి ఏమీ పోదు. రెండు మీటర్లు పరుగెత్తి ఆగుతుంది, తల పైకీ కిందికీ ఆడిస్తుంది. అప్పుడప్పుడు గూడు కాని చోట కూడా పొదుగుతున్నట్టు కూర్చుని లేస్తుంది. ఇక్కడే చాలామంది తొందరపడి, దొరికిందనుకుని లేస్తారు. ఆగండి. నిజంగా గూటికి చేరేటప్పుడు నడక మారుతుంది. ఒళ్లు వంచి, తుంగ మొదళ్లలో నుంచి ఒకే వరసలో గబగబా వస్తుంది. చివరి అడుగులో నెమ్మదిస్తుంది. కాళ్ల మధ్యకు చూసుకుంటుంది. పొట్ట ఈకలు విప్పి, ఒళ్లంతా అటూ ఇటూ ఒకసారి కుదుపుకుని కిందికి దిగుతుంది. పొదిగే కాలంలో పొట్ట కింద ఈకలు రాలి బయటపడిన వేడి చర్మం గుడ్లకు తగిలేలా సర్దుకోవడం అది. ఆ కుదుపు చూశారంటే గూడు అక్కడే.

అరగంట దాటినా పిట్ట రాలేదంటే మీరే దగ్గరగా ఉన్నారు. ఇంకో యాభై మీటర్లు వెనక్కి జరగండి. అప్పటికీ రాకపోతే ఆ రోజుకి ఆ గూడు వదిలెయ్యండి. మీ పట్టుదలకు గుడ్లు బలి కాకూడదు.

ఇంకో సంగతి. సెమీపాల్మేటెడ్ సాండ్‌పైపర్లలో తల్లీ తండ్రీ వంతులవారీగా పొదుగుతాయి. ఒక్కో వంతు సుమారు పదకొండు పన్నెండు గంటలు నడుస్తుంది. కదలకుండా కూర్చున్న పిట్టను చూసి ఏమీ జరగడం లేదనుకోకండి, డ్యూటీ మారే సమయం కోసం మళ్లీ రండి. ఎర్ర ఫలరోప్ అనే పిట్టల్లో మాత్రం పొదిగేది మగది. ఆడది రంగుల్లో మెరుస్తూ గుడ్లు పెట్టేసి వెళ్లిపోతుంది. ఇక పెక్టొరల్ సాండ్‌పైపర్ మగది పొదగడానికి రానే రాదు, రొమ్ము సంచి ఉబ్బించి గుమ్మని మోగిస్తూ ఆడవాటి వెంట తిరుగుతుంది. ఉట్‌కియాగ్విక్ దగ్గర చేసి 2012లో ప్రచురించిన ఒక పరిశోధనలో, ఆ మగపిట్టల్లో ఒకటి 19 రోజుల పాటు 95 శాతం సమయం మేలుకునే ఉన్నట్టు తేలింది. తక్కువ నిద్రపోయిన వాటికే ఎక్కువ పిల్లలు కలిగాయి.

మీరు మాత్రం నిద్రపోవాలి. మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా అక్కడ పొద్దు గుంకదు. ఎంతకీ చీకటి పడదు కాబట్టి ఇంకో గంట, ఇంకో గంట అనుకుంటూ తిరగబుద్ధవుతుంది. మూడో రోజుకి చూపు మొద్దుబారుతుంది, నోట్‌బుక్‌లో రాతలు అబద్ధాలవుతాయి. గడియారం చూసి పడుకోండి. కిటికీకి దుప్పటి కట్టండి.

గూటి దగ్గర పదిహేను సెకన్లు

గూడు దొరికాక దగ్గరికి వెళ్లాలా? అవసరం లేకపోతే వద్దనే అంటాను. వెళ్లాల్సి వస్తే ముందు ఆకాశం చూడండి. గుడ్లు తినే స్కువా గానీ, గల్ గానీ ఎగురుతుంటే అడుగు వెయ్యకండి. అవి మనుషులను గమనిస్తాయి, మనం వంగిన చోటును గుర్తుపెట్టుకుంటాయి. నక్కలకు మన వాసన చాలు. అందుకే గూటి దాకా వెళ్లి అదే దారిన వెనక్కి రాకండి. గూటి పక్కగా నడుచుకుంటూ దాటిపోండి, మీ అడుగుల జాడ ఎక్కడా ఆగిపోయినట్టు ఉండకూడదు. గుర్తుకోసం కర్ర పాతే కంటే ఫోన్‌లో జీపీఎస్ పాయింట్ పెట్టుకోవడం మేలు.

కనిపించేది ఇంతే: అరచేతిలో పట్టేంత గుంట, అడుగున ఎండిన విల్లో ఆకులు, లైకెన్ ముక్కలు, వాటి మీద నాలుగు గుడ్లు. నాలుగింటి సన్నటి కొనలూ మధ్యకు తిరిగి ఉంటాయి. చిన్న పిట్ట పొట్ట కింద పెద్ద గుడ్లు నాలుగూ సరిపోవాలంటే అలా అమరితేనే కుదురుతుంది. ఆకుపచ్చ కలిసిన మట్టిరంగు మీద గోధుమ మరకలు. కన్ను తిప్పి మళ్లీ చూస్తే ఎక్కడుందో కనిపించదు. ఒక ఫొటో, అంతే. ముట్టుకోకండి. పొదిగిన సుమారు మూడు వారాలకు పిల్లలు బయటికొస్తాయి, ఒళ్లు ఆరిన కొద్ది గంటల్లోనే గూడు విడిచి తమ కాళ్ల మీద తాము తిరిగి పురుగులు ఏరుకుంటాయి.

గూళ్ల కోసం ఇద్దరు పొడవాటి తాడు పట్టుకుని నేల మీద లాక్కుంటూ వెళితే మూడోవాళ్లు వెనక నడుస్తూ లేచే పిట్టలను గమనించే పద్ధతి ఒకటుంది. అది అనుమతి ఉన్న పరిశోధక బృందాలది. సరదాకి చెయ్యకూడదు.

పైకి చూసే ముందు కిందికి చూడండి

పక్షుల కోసం వెళ్లినవాళ్లు నేలను పట్టించుకోరు. టండ్రాలో ఏ ఏడు ఎన్ని పిల్లలు బతుకుతాయన్నది చాలావరకు నేల కింద, మంచు కింద నిర్ణయమవుతుంది. నిర్ణయించేది లెమ్మింగ్. ఎలుకల వర్గానికి చెందిన, తోక దాదాపు లేని, బొద్దుగా ఉండే చిన్న జంతువు.

లెమ్మింగ్‌లు చలికాలం నిద్రపోవు. మంచు పొర కింద, నేలకు ఆనుకుని, బయటి గాలికంటే వెచ్చగా ఉండే సందులో తిరుగుతాయి, తింటాయి, అక్కడే పిల్లల్ని కంటాయి కూడా. కాలర్డ్ లెమ్మింగ్ శీతాకాలానికి తెల్లబడుతుంది, ముందు కాళ్ల గోళ్లు మంచు తవ్వడానికి వీలుగా పెరుగుతాయి. మంచు కరిగాక జూన్‌లో వాటి గూళ్లు బయటపడతాయి. కొబ్బరి పీచు ఉండలా ఎండుగడ్డితో అల్లినవి, నేల మీద అలా పడి ఉంటాయి. వాటికి వేర్లు లేవు, కాలితో తంతే దొర్లుతాయి. తన్నకండి, ఒకదాని పక్కన మోకరించి చేత్తో మెల్లిగా విప్పండి.

లోపల అంతా గడ్డే ఉంటే లెమ్మింగ్ అక్కడ కాపురం చేసి వెళ్లిపోయిందని. మెత్తటి బొచ్చు పరిచి ఉంటే కథ వేరు. ఆ బొచ్చు లెమ్మింగ్‌లదే. స్టోట్ అనే సన్నటి ఒంటి వేటజంతువు మంచు కింద సొరంగాల్లో దూరి, గూటిలో ఉన్నవాటిని తిని, వాటి బొచ్చు పరుచుకుని అదే గూట్లో వెచ్చగా పడుకుంది. ఎవరూ చూడని ఎనిమిది నెలల మంచు కింది బతుకు మీ అరచేతిలో రాతపూర్వకంగా ఉంది. నాకు టండ్రా మొత్తంలో ఇంతకంటే గొప్ప వస్తువు లేదు. గ్రీన్‌లాండ్ తూర్పు తీరంలో ట్రైల్ దీవి మీద బెన్వా సిట్లెర్ బృందం 1988 నుంచి ఇలాంటి గూళ్లనే లెక్కపెడుతూ వచ్చింది.

గూళ్లతో పాటు చూడాల్సినవి ఇంకొన్ని ఉన్నాయి. తుంగ మొదళ్ల మధ్య అరిగిపోయిన సన్నటి బాటలు. పళ్లతో కోసి వదిలేసిన తుంగ కాడలు. పచ్చటి పెంటికల కుప్పలు. రోజుకు ఎన్ని లెమ్మింగ్‌లు కళ్ల ముందు పరుగెత్తాయో ఆ లెక్క. ఇవన్నీ ఎక్కువగా ఉంటే తలెత్తి చుట్టూ చూడండి. గుట్టల మీద మంచు గుడ్లగూబలు కనిపిస్తాయి. లెమ్మింగ్‌లు విరివిగా ఉన్న ఏడు ఒక్కో జంట పది, పదకొండు గుడ్ల దాకా పెడుతుంది. లేని ఏడు అసలు పెట్టదు. పొమరైన్ స్కువా కూడా అంతే, గోధుమరంగు లెమ్మింగ్‌లు పెరిగిన ఏడే ఉట్‌కియాగ్విక్ దగ్గర గూడు కడుతుంది. గుడ్లగూబ గూడు కనిపిస్తే వందల మీటర్ల దూరం నుంచే టెలిస్కోప్‌తో చూడండి. మగది మనిషి మీదికి దూసుకొస్తుంది, వీపు మీద గోళ్లు దిగుతాయి. స్నో గీస్ బాతులు ఆ గుడ్లగూబ పక్కనే గూళ్లు కట్టుకుంటాయి, నక్కను అది దగ్గరికి రానివ్వదు కాబట్టి.

అసలు విషయం ఆ నక్క దగ్గరుంది. లెమ్మింగ్‌లు ఉన్నన్నాళ్లూ నక్కలు, స్కువాలు వాటితో కడుపు నింపుకుంటాయి, పక్షుల గుడ్ల జోలికి అంతగా పోవు. మరుసటి ఏడు లెమ్మింగ్‌ల సంఖ్య కూలిపోతుంది. కిందటేడు బాగా తిని పెరిగిన నక్కలు ఆకలితో టండ్రా అంతా గాలించి గుడ్లు, పిల్లలు ఏరుకు తింటాయి. సైబీరియాలోని తైమిర్ ద్వీపకల్పంలో పుట్టే బ్రెంట్ బాతుల్లో, కర్ల్యూ సాండ్‌పైపర్లలో పిల్లల సంఖ్య సుమారు మూడేళ్లకోసారి పెరిగి తగ్గడం లెమ్మింగ్ చక్రంతో సరిపోతుందని రాన్ సమ్మర్స్, లెస్ అండర్‌హిల్ 1987లో చూపించారు. ఆ లెక్కకు ఆధారం సైబీరియాలో తిరగడం కాదు. చలికాలంలో వేల కిలోమీటర్ల దూరాన ఐరోపా, దక్షిణాఫ్రికా తీరాల్లో వాలిన గుంపుల్లో కుర్రపక్షులు ఎన్నో లెక్కపెట్టడం.

లెమ్మింగ్‌లు మూకుమ్మడిగా సముద్రంలో దూకి చస్తాయన్న మాట మీరూ విని ఉంటారు. దాన్ని ప్రపంచానికి నమ్మించింది 1958 నాటి డిస్నీ చిత్రం 'వైట్ విల్డర్‌నెస్'. ఆ దృశ్యం తీసింది సముద్రమే లేని కెనడా రాష్ట్రం ఆల్బర్టాలో. లెమ్మింగ్‌లను మానిటోబా నుంచి కొని తెచ్చి, కెమెరా ముందు గట్టు మీది నుంచి తోశారు. 1982లో కెనడా టీవీ పరిశోధనలో ఇది బయటపడింది. ఆ చిత్రానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఓపిక లేని పరిశీలన ఎంత దూరం పోతుందో అది చూపిస్తుంది. కావలసిన దృశ్యం జరిగే దాకా ఆగలేక చేసి చూపించారు, దాంతో ఒక జంతువు పేరు తరతరాలకు చెడిపోయింది.

నోట్‌బుక్‌లో సున్నాకి చోటు

ఇది కష్టమైన భాగం. అంత దూరం, అంత ఖర్చు పెట్టి వెళ్లి, 'గుడ్లగూబలు: 0, లెమ్మింగ్‌లు: 0' అని రాసుకోవడానికి చెయ్యి రాదు. మనసు ఇంకేదైనా రాయమంటుంది. సున్నా రాయండి. ఎంతసేపు తిరిగారో, ఎన్ని కిలోమీటర్లు నడిచారో పక్కన రాయండి. మీరు చూడకపోవడం వేరు, అక్కడ లేకపోవడం వేరు. ఆ రెండింటికీ తేడా చూపేది మీరు పెట్టిన సమయమే.

మిఖాయిల్ సొలొవ్యోవ్, పావెల్ టోమ్‌కోవిచ్ అనే రష్యా పక్షిశాస్త్రవేత్తలు 1998 నుంచి ఆర్కిటిక్ అంతటి నుంచీ ఇలాంటి నివేదికలు సేకరించారు. వాళ్లు అడిగినవి ఎవరైనా చెప్పగలిగిన మాటలే. మంచు త్వరగా కరిగిందా, ఆలస్యమైందా? జూన్, జూలైల్లో చలిగాలివాన వచ్చిందా? లెమ్మింగ్‌లు తక్కువా, మామూలా, ఎక్కువా? నక్కలు పిల్లల్ని పెట్టాయా? పక్షులకు ఈ ఏడు కలిసొచ్చిందా? మీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఈ ఐదు ప్రశ్నలూ రాసుకోండి. ఏ రోజుకారోజు, ఆ రోజు నిద్రకు ముందే జవాబులు నింపండి. నేల సగానికి సగం మంచు వీడిన తేదీ తప్పకుండా రాయండి, మిగతా చాలా సంగతులు దానికే ముడిపడి ఉంటాయి.

సున్నాల విలువ ట్రైల్ దీవిలో తెలిసింది. అక్కడ సుమారు నాలుగేళ్లకోసారి ఎగసిపడే లెమ్మింగ్ చక్రం 2000 ప్రాంతంలో ఆగిపోయింది. ఆ తర్వాత మంచు గుడ్లగూబలు పెంచిన పిల్లల సంఖ్య 98 శాతం పడిపోయింది. ఏటేటా వెళ్లి, ఏమీ లేని ఏళ్లలో కూడా గూళ్లు లెక్కపెట్టి రాసుకున్నారు కాబట్టే ఆ నష్టం లోకానికి తెలిసింది. ఇలాంటి పతనానికి ఒక కారణం మంచే కావచ్చు. చలికాలం మధ్యలో వెచ్చబడి మంచు కరిగి మళ్లీ గడ్డకడితే నేల మీద గాజు పలక లాంటి పొర ఏర్పడుతుంది. లెమ్మింగ్‌కి కింద సందు ఉండదు, గడ్డి అందదు. ఈ విషయం రాస్తుంటే నాకు బాధగా ఉంది. మెత్తటి మంచు కింద బతకడం నేర్చిన ప్రాణికి ఆ మెత్తదనమే పోతోంది.

వెళ్లేవాళ్లకి, వెళ్లలేనివాళ్లకి

ఉట్‌కియాగ్విక్‌కి రోడ్డు లేదు, విమానమే. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లకు జూన్ సెలవుల్లో ఇది అందే ప్రయాణమే. ఊరు ఇనుపియాట్ ప్రజలది, చుట్టూ నేల కూడా చాలావరకు వాళ్లదే. రోడ్డు దిగే ముందు అనుమతి అడగండి, స్థానిక గైడ్‌ని వెంటబెట్టుకోండి. ధ్రువపు ఎలుగుబంట్లు తీరం వెంట తిరుగుతాయి, ఒంటరిగా వెళ్లే చోటు కాదు. మోకాలి దాకా గమ్‌బూట్లు, దోమతెర టోపీ, గాలి చొరబడని పైకోటు, కింద పరుచుకోవడానికి నీళ్లింకని చాప తప్పనిసరి. కూర్చునే చోట చాప లేకపోతే పావుగంటకే లేస్తారు, అప్పటిదాకా పడిన శ్రమ పోతుంది.

మన దేశపు హిమాద్రి పరిశోధన కేంద్రం ఉన్న స్వాల్‌బార్డ్ దీవులకి వెళితే లెమ్మింగ్‌ల కోసం చూడకండి. అక్కడ అవి లేవు. ఈడర్ బాతులు అక్కడి లాంగ్‌ఇయర్‌బియెన్ ఊరి శివార్లలో కుక్కల దొడ్ల పక్కన గూళ్లు కట్టుకోవడం మాత్రం చూడొచ్చు, కుక్కల మొరుగుడుకు నక్కలు రావు. ఆర్కిటిక్ టెర్న్‌లు తల మీద పొడుస్తాయి, ఒక కర్ర నెత్తికి పైగా నిలబెట్టి పట్టుకుని నడవండి.

వెళ్లలేనివాళ్లకు పులికాట్ ఉంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలో నుంచి పోతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రోడ్డు పక్క బురదలో లిటిల్ స్టింట్‌లు, కర్ల్యూ సాండ్‌పైపర్లు తింటూ కనిపిస్తాయి. ఆర్కిటిక్‌లో పుట్టిన పక్షులివి. ముక్కు కొద్దిగా కిందికి వంగి ఉన్న కర్ల్యూ సాండ్‌పైపర్లనే తీసుకోండి. ముందుగా వచ్చేవి పెద్దవి, కొన్నింటి పొట్ట మీద ఇటుకరంగు మచ్చలు ఇంకా మిగిలి ఉంటాయి. ఆ వేసవిలోనే పుట్టిన పిల్లల వీపు మీద ప్రతి ఈకకూ లేత అంచు ఉంటుంది, అందువల్ల వీపంతా పొలుసులు పేర్చినట్టుంటుంది, రొమ్ము మీద లేత నారింజ ఛాయ. ఎండ మీ వీపు వైపు ఉండేలా పొద్దున్నే చేరుకోండి. ఒక గుంపును ఎంచుకుని, ఎడమ నుంచి కుడికి ఒక్కో పిట్టనూ చూస్తూ, వందలో పిల్లలెన్నో లెక్కపెట్టండి. గుంపు లేస్తే ఆ లెక్క కొట్టేసి, మళ్లీ వాలాక మొదటి నుంచి పెట్టండి. తేదీ, చోటు, మొత్తం, పిల్లలు అని నాలుగు గడులు గీసుకుంటే చాలు. పిల్లలు ఒక్కటీ లేని రోజున ఆ నాలుగో గడిలో సున్నా వేసి, వచ్చే వారం మళ్లీ వెళ్లండి, వచ్చే ఏడాది ఇదే నెలలో మళ్లీ వెళ్లండి.